మంచం పక్క సముద్రం

విశాఖపట్నం వెళ్ళినవాళ్ళు సముద్రం చూసి వస్తారు. కైలాసగిరి యెక్కి చూస్తారు. డాల్ఫిన్స్ నోస్ కొండని దూరాన్నుంచి చూసి నిజంగానే ముక్కులా వుందంటారు. బీచి రోడ్డులో ఒడ్డుకి తెచ్చి నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి కడుపులో దూరి అవతలికి వస్తారు. మొన్న కార్తీకమాసంలో నేను అయిదు రోజులు ఆ వూళ్ళో వుండి ముఖ్యంగా చూసిన సముద్రం మాత్రం మూడడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. నూట ఎనభై లీటర్లు పడుతుంది. అదైనా సరిగ్గా కనిపించలేదు. మజ్జిగతేటలా తెల్లబడి కూర్చుంది.

ఆ సముద్రం ఎం.వి.పి. కాలనీలో, మా చెల్లెలి యింట్లో, వాళ్ళ అత్తగారి మంచం పక్కన వుంది. అత్తయ్యగారికి ఎనభై దాటాయి. వాన పడితే తప్ప, సాయంత్రం అయిదయ్యేసరికి లాసన్స్ బే వేపు నడిచి వెళ్ళి, ఇసకలో ఒక గంట కూర్చుని రావడం ఆవిడకి ముప్ఫయ్యేళ్ళ అలవాటు. కిందటి వేసవిలో స్నానాలగదిలో జారిపడి తుంటి యెముక విరిగింది. ఆపరేషను చేసి అతికించారు గాని, చేతికర్ర సాయంతో మంచం దగ్గర్నుంచి హాలుదాకా రావడమే గగనమైపోయింది. ఇల్లు చూస్తే రెండో అంతస్తు, లిఫ్టు లేదు. "ఇవాళ సముద్రం యెలా వుందిరా?" అని కొడుకు ఆఫీసునుంచి రాగానే అడుగుతూ వుండేవారట. మా బావగారు బ్యాంకు ఉద్యోగి. కవిత్వం బొత్తిగా గిట్టని మనిషి. అలాంటి ఆయన ఆషాఢంలో ఒకనాడు దుకాణంవాణ్ణి వెంటబెట్టుకు వచ్చి, గాజుతొట్టె బిగించి, ఇసకా రాళ్ళూ పేర్చి, మూటల ఉప్పు కలిపిన నీళ్ళు పోయించి, తల్లి పడుకుంటే కంటికి ఎదురుగా వుండేటట్టు పెట్టించేడు. దుకాణంవాడు తెలివైనవాడు, నెలన్నరపాటు చేపలు వెయ్యనివ్వలేదు. శ్రావణమాసం చివర్లో రెండు క్లౌన్ చేపలూ, ఒక నీలం డామ్సెల్ చేపా వచ్చి చేరేయి.

క్లౌన్ చేప అంటే యీ కాలపు పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. 2003లో వచ్చిన ఒక బొమ్మల సినిమా పుణ్యమా అని, నారింజరంగు మీద తెల్లపట్టీలున్న ఆ చేపని పిల్లలందరూ నీమో అనే అంటారు. అత్తయ్యగారు మాత్రం ఆ రెంటికీ రాముడు, లక్ష్మణుడు అని పేర్లు పెట్టేరు. పదేళ్ళ మా మేనల్లుడు ఆ పేర్లు కుదరవని తేల్చేడు. ఈ జాతిలో ప్రతి పిల్లా మొదట మగదే. జంట కట్టేక వాటిలో పెద్దది ఆడదిగా మారిపోతుంది. వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే సీతారాములందాం. మరీ మంచిది!" అన్నారట. మూడోది నీలంగా వుంది గనక అప్పటికే కృష్ణుడైపోయింది.

ఆ కృష్ణుడు దీపావళి వెళ్ళిన నాలుగోనాడు తెల్లవారేసరికి తేలిపోయి కనిపించాడు. అప్పటికి పదిహేను రోజులుగా నీరు మసకబారుతూనే వుంది. మా చెల్లెలు ఫోను చేసింది: "అన్నయ్యా, ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవు గదా, ఒక్కసారి వచ్చి చూసిపో. ఆదివారం నాడు నీళ్ళన్నీ పారబోసి మళ్ళీ నింపుతారట. ఈసారీ తెల్లబడితే తొట్టె ఎవరికైనా యిచ్చేస్తానంటున్నారు. అత్తయ్యగారు సరిగ్గా అన్నం తినడం లేదు."

మాది రాజమండ్రి. గురువారం పొద్దున్న బండి యెక్కేను. కార్తీకమాసం గదా, అన్నవరం దాకా కాలు పెట్టడానికి చోటు లేదు. అక్కడ సత్యనారాయణ వ్రతాలవాళ్ళు దిగిపోయేక, కిటికీ పక్కన కూర్చుని, తుని కొండలు చూస్తూ, మధ్యాహ్నానికి విశాఖపట్నం చేరేను.

కాళ్ళు కడుక్కుని తిన్నగా ఆ గదిలోకే వెళ్ళేను. అత్తయ్యగారు గోడకి ఆనుకుని కూర్చుని వున్నారు. "రా నాయనా, రా. చూడు, సముద్రానికి శుక్లాలు వచ్చేయి," అన్నారు. ఆవిడ రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషనైంది. అంచేత ఆ పోలిక అనుభవం మీద వచ్చిందే.

ఇంట్లో జబ్బు చేస్తే వచ్చినవాళ్ళందరూ వైద్యులే గదా. తొట్టెకీ అదే గతి పట్టింది. ఎదురింటాయన పటిక వెయ్యమన్నారు. కింది వాటాలో ఒకావిడ, జ్వరానికి వాడే మాత్ర ఒకటి పొడి చేసి కలపమన్నారు. ఇంకెవరో పగడపు దిబ్బ ముక్క తెచ్చి వేస్తే నీరు తేటబడుతుందన్నారు. ఆ చివరి మాట వింటే నాకు ఒళ్ళు మండింది. పగడాలకి మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ వుంది. వాటితో వ్యాపారం నేరం. చట్టం మాట అలా వుంచినా, మన హాల్లో అందానికి ఎక్కడో సముద్రం అడుగున ఇల్లు కూలదొయ్యడం యేం మర్యాద?

అత్తయ్యగారి వైద్యం మాత్రం నాకు ముచ్చటేసింది. ఆవిడ పుట్టిల్లు కోనసీమ. గోదావరి వరదనీళ్ళు కుండలో పోసుకుని, చిల్లగింజ సాన మీద అరగదీసి కలిపి, తేరుకున్నాక తాగిన తరం. మా యింట్లోనూ అలాగే చేసేవారు. ఆ గింజ గంధం నీళ్ళలో తేలే మట్టిరేణువుల్ని ఒకదానికొకటి అంటించి అడుక్కి దింపుతుంది. పటిక చేసేదీ అదే. కాని తొట్టెలో వున్న తెలుపు మట్టి అయితేనేగా దిగడం! పైగా పటిక సముద్రపు నీటిలోని క్షారగుణాన్ని హరించేస్తుంది. చేపలకి అది బతుకుదారి కాదు. ముందు ఆ తెలుపు యేమిటో తేలాలి.

ఉప్పునీటి తొట్టె మసకబారడానికి చాలా దారులున్నాయి. ఇసక కడక్కుండా పోస్తే ధూళి లేస్తుంది. రెండు రోజుల్లో అదే దిగుతుంది. కిటికీలోంచి ఎండ తిన్నగా పడితే నీరు పచ్చబడుతుంది. అది కంటికి ఆనని నాచు. మార్చకుండా వదిలేసిన నీరు లేత టీ రంగుకి తిరుగుతుంది. దానికి బొగ్గు మందు. పగడాలకీ గవ్వలకీ బలమని చెప్పి సున్నమూ సోడా అమ్ముతారు. మోతాదు మించితే తొట్టెలో మంచు కురిసినట్టు సున్నం విడిపోతుంది. నీరు ఆవిరై మట్టం తగ్గితే, పంపు నీళ్ళతోబాటు గాలి కూడా మింగి సన్నటి బుడగలు కక్కుతుంది. దూరాన్నుంచి చూస్తే అదీ పాలలాగే వుంటుంది. వీటిల్లో యేదీ అంత ప్రమాదం కాదు. ప్రమాదమైనది ఆఖరిది: సూక్ష్మజీవులు కోట్లకి కోట్లు పెరిగిపోయి నీటినే తెల్లబరచడం.

ఆ రాత్రి దీపాలన్నీ ఆర్పించి, పంపు ఒక నిమిషం ఆపించి, పక్కనుంచి టార్చిలైటు వేసి చూశాను. బుడగలైతే పైకి పోవాలి. ధూళి అయితే కిందికి దిగాలి. ఇక్కడ పైకీ పోలేదు, కిందికీ దిగలేదు. వెలుగు పడ్డ మేరా తెలుపు పొగమంచులా కదలకుండా నిలబడి వుంది. ఆ మంచులోంచి సీత పైకి వచ్చి, నీటి అంచున నోరు తెరిచి మూసి, మళ్ళీ లోపలికి పోయింది. కాసేపటికి రాముడూ అదే పని చేశాడు. చేప నీటి పైకి వచ్చి నోరు తెరవడం ఆట కాదు. లోపల గాలి చాలడం లేదన్నమాట. నా అనుమానం సగం గట్టిపడింది.

మర్నాడు తెల్లవారుజామున బావగారు ఖాళీ కేన్లు కారులో పెట్టుకుని సముద్రానికి బయల్దేరుతూంటే నేనూ వెళ్ళేను. దుకాణంలో కొన్న ఉప్పు విజయదశమి నాటికి అయిపోయింది. ఇంటికి కిలోమీటరు దూరంలో సముద్రం పెట్టుకుని ఉప్పు కొనడమేమిటని, అప్పట్నుంచీ ఆయన ఒడ్డునుంచే నీళ్ళు తెస్తున్నాడు. పైకి చాలా సబబైన మాటే.

పెద జాలారిపేట ఒడ్డు ఆ వేళప్పుడు చూడవలసిందే. వెనకటి కర్రతెప్పలు తగ్గి, మోటారు బిగించిన ఫైబరు పడవలు వచ్చేయి గాని, పడవ ఒడ్డెక్కేటప్పుడు పదిమందీ భుజాలు ఆనించి ఒక్క గొంతుతో హైలెస్సా అనడం మాత్రం పోలేదు. దూరాన హార్బరులోకి పిలుపు కోసం కాచుకున్న ఓడలు దీపాలు ఆర్పుకుంటున్నాయి. వాటి వెనకనుంచి సూర్యుడు లేస్తున్నాడు. ఆడవాళ్ళు తట్టలు దింపుకుని అప్పుడే బేరాలు మొదలెట్టేరు. బావగారు ఇవేవీ చూడకుండా పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళలోకి దిగి, కేను ముంచేరు. కేనులో పడిన నీరు బూడిదరంగుగా వుంది.

వల సవరించుకుంటున్న ఒక పెద్దాయన చూసి నవ్వేడు. "ఒడ్డునీళ్ళు యేటి సేసుకుంతారు బాబూ? అది నీరు కాదు, ఒండు. నోపలికెలితే తేట నీరుంతాది. అయినా యీ నెల్లల్ల నోపలి నీరూ సప్పగానే వుంతాది. పైనుంచి కొట్టుకొస్తంది గదా."

నా సంచిలో నీటి సాంద్రత చూసే కొలబద్ద వుంది. మంచినీరు ఒకటైతే, మామూలు సముద్రపు నీరు 1.025 చూపించాలి. కేనులో ముంచితే ముల్లు 1.019 దగ్గర ఆగింది. రెండోసారి చూసినా అంతే. బావగారు నమ్మలేదు. "సముద్రం సముద్రమే గదండీ! దానికి కూడా ఉప్పు తగ్గుతుందా?" అన్నారు.

తగ్గుతుంది. ఆ సంగతి ఆ వూళ్ళోనే కొలిచి చెప్పేరు. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రజ్ఞుడు వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి యీ తీరపు నీటిని నెలల తరబడి పరిశీలించాడు. మాఘ ఫాల్గుణాలు మొదలుకుని వేసవి దాకా, యీ తీరం వెంట ప్రవాహం దక్షిణాన్నుంచి ఉత్తరానికి పోతుంది. గాలి పైనీటిని ఒడ్డునుంచి అవతలికి నెట్టేస్తే, అడుగునుంచి చల్లటి, ఉప్పటి నీరు లేచి వస్తుంది. వానాకాలం వెళ్ళేక ప్రవాహం తిరగబడుతుంది. గంగా, బ్రహ్మపుత్రా, మహానదీ, వాటి తరవాత మన వంశధారా నాగావళీ వానాకాలమంతా సముద్రంలో పోసిన మంచినీరు అప్పుడు తీరం పట్టుకుని కిందికి జారుతూ వస్తుంది. అంచేత అక్టోబరు, నవంబరు నెలల్లో విశాఖ దగ్గర పైనీటి ఉప్పు బాగా పడిపోతుంది. లాఫాండ్ పుస్తకాలు చదవని ఆ పెద్దాయన నాలికతో అదే మాట చెప్పేడు. "చూశారా, మా గోదావరికి యిందులో పాపం లేదు. అది మీకు దక్షిణాన కలుస్తుంది," అన్నాను బావగారితో. ఆయన నవ్వలేదు. కేను మూత బిగించుకుంటున్నారు.

ఇంటికి వచ్చి ఒక గాజుగ్లాసులో ఒడ్డునీళ్ళూ, ఇంకో గ్లాసులో తొట్టెనీళ్ళూ పట్టి, వంటింటి గట్టు మీద పక్కపక్కన పెట్టేను. రెండూ ఒక్కలాగే మసకగా వున్నాయి. మర్నాటి పొద్దుటిదాకా వాటిని ఎవరూ ముట్టుకోవద్దని చెల్లెలికి చెప్పేను.

మధ్యాహ్నం మేనల్లుడూ నేనూ అమ్మోనియా చూశాం. చిన్నగొట్టంలో తొట్టెనీరు పోసి, రెండు మందులు లెక్కప్రకారం చుక్కలు వేసి, అయిదు నిమిషాలు ఆగాలి. పసుపుపచ్చగా వుంటే క్షేమం. వాడు గొట్టం కిటికీకి ఎదురుగా పట్టుకుని, "మావయ్యా, ఆకుపచ్చ," అన్నాడు. లీటరుకి ఒక మిల్లీగ్రాము దగ్గర వుంది. సముద్రపు నీటికి సహజంగా క్షారగుణం ఎక్కువ గనక, అందులో అమ్మోనియా మంచినీటిలో కంటె ఎక్కువ విషం. సీతారాములు ఆ విషంలో మునిగి, పైన గాలి చాలక, ఇంకా బతికి వున్నాయంటే వాటి ఆయుష్షు గట్టిది.

నాలుగు నెలలు తేటగా నడిచిన తొట్టెలో యీ విషం ఎక్కడిది? ఫిల్టరు మూత తీసి చూశాను. లోపలి స్పాంజి అప్పుడే కొన్నట్టుంది. పింగాణీ రింగులు మల్లెపూలలా వున్నాయి. "ఎంత శుభ్రంగా వుందో!" అన్నాను. బావగారి ముఖం వికసించింది. "ప్రతి ఆదివారమూ కుళాయి కింద నేనే పిండి కడుగుతానండీ. నీరు మసకేసినకొద్దీ ఇంకా గట్టిగా కడుగుతున్నాను."

రోగం దొరికింది. చేప విసర్జించేదీ, తినగా మిగిలిందీ కుళ్ళి అమ్మోనియా అవుతుంది. ఒక జాతి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. ఇంకో జాతి ఆ నైట్రైటుని అంతగా హాని లేని నైట్రేటు చేస్తుంది. 1890 ప్రాంతాల్లో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు వీటిని విడదీసి చూపించాడు. ఇవి నీళ్ళలో యీదులాడుతూ వుండవు. రాళ్ళనీ, ఇసకనీ, ముఖ్యంగా ఫిల్టరులోని స్పాంజినీ రింగుల్నీ పట్టుకుని జిగురు పొరగా కాపరం చేస్తాయి. మందకొడి జీవులు, ఒకటి రెండవడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. దుకాణంవాడు నెలన్నర ఆగమన్నది వీటికోసమే. క్లోరిను కలిపిన కుళాయినీళ్ళ కింద ఆ స్పాంజి పిండితే, మనం మురికి అనుకుని కాలువలోకి పంపేది యీ పనివాళ్ళనే. వాళ్ళు పోయేక, కుళ్ళు తిని బతికే వేరే జాతి విజృంభిస్తుంది. అవి గంటలోనే రెట్టింపవుతాయి. నీటిని తెల్లగా చేసేదీ, నీటిలోని ప్రాణవాయువు లాగేసుకునేదీ అవే. తెలుపు చూసి బావగారు మళ్ళీ కడుగుతారు. మళ్ళీ సగం నీరు తీసి, ఒండూ, చప్పనీరూ పోస్తారు. రాళ్ళ మీద మిగిలిన పనివాళ్ళు కూడా ఆ ఉప్పు మార్పుకి డీలా పడతారు. ప్రతి ఆదివారమూ మందు పడుతోంది, ప్రతి సోమవారమూ రోగం ముదురుతోంది.

ఇదంతా చెప్పేను గాని, శ్రద్ధగా పనిచేసే మనిషికి ఆ శ్రద్ధే చేటు తెచ్చిందని నమ్మించడం కష్టం. ఆ పని గ్లాసులు చేశాయి. శనివారం పొద్దున్న చూస్తే, ఒడ్డునీళ్ళ గ్లాసు తేటగా మెరుస్తోంది. అడుగున గోరుమందం ఒండు పేరుకుంది. తొట్టెనీళ్ళ గ్లాసు మాత్రం నిన్న యెలా వుందో అలాగే వుంది. బావగారు కాఫీ చల్లారిపోయేదాకా ఆ రెండూ మార్చి మార్చి చూశారు. "అయితే యిది బురద కాదన్నమాట. బతికున్నదన్నమాట," అన్నారు. ఆదివారం పారబోత ఆగిపోయింది. నీళ్ళన్నీ మార్చేస్తే తొట్టె తేటగానే వుండేది, రెండు రోజులు. మూడోనాడు మళ్ళీ అదే కథ. ఆ కుదుపుకి చేపలు తట్టుకోవు.

మధ్యాహ్నం గొట్టంతో అడుగున పేరుకున్నది లాగుతూంటే, రాయి వెనక ఇసకలో తెల్లగా ఉబ్బిన గింజలు ఓ గుప్పెడు కనిపించాయి. గొట్టంలోంచి బకెట్టులోకి వచ్చేక పోల్చుకున్నాను. అన్నం మెతుకులు! తల యెత్తి చూస్తే అత్తయ్యగారు కిటికీ వేపు చూస్తున్నారు. గదిలో ఇంకెవరూ లేరు. కాసేపయ్యాక ఆవిడే అన్నారు: "ఎదురుగా నోరున్న ప్రాణులు రెండు వుండగా, వాటికి రెండు మెతుకులు వెయ్యకుండా నాకు ముద్ద దిగదు నాయనా."

ఆ మాటకి నాకు జవాబు దొరకలేదు. కుళ్ళు తినే జీవులకి యిన్నాళ్ళూ భోజనం ఎక్కడిదో మాత్రం తెలిసింది. ఈ సంగతి ఇంట్లో యెవరికీ చెప్పలేదు, మేనల్లుడికి తప్ప. వాడు కుంకం భరిణె ఒకటి ఖాళీ చేయించి, అందులో చేపల మేత రోజుకి చిటికెడు చొప్పున వేసి, నాయనమ్మ చేతికి అందేటట్టు పెట్టే యేర్పాటు చేశాడు. ముందు రెండు రోజులు మేత బందు. మూడోనాటినుంచి ఆవిడ భోజనానికి కూర్చోబోయే ముందు ఆ చిటికెడూ వెయ్యాలి; తరవాతే తన ముద్ద. ఆవిడ ఒప్పుకున్నారు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి కరెంటు పోయింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడి రోజుల తరబడి చీకటి చేసినప్పట్నుంచీ, ఆ వూరివాళ్ళు కరెంటుని పూర్తిగా నమ్మరు. బావగారు కూడా బ్యాటరీలతో నడిచే చిన్న గాలిపంపు కొని బీరువాలో వుంచేరు. తీసి చూస్తే అందులో బ్యాటరీలు లేవు. మేనల్లుడి బొమ్మకారులోకి వెళ్ళి అక్కడ ప్రాణాలు వదిలేయి. ఆ వేళకి కొట్లు మూసేశారు. మామూలు తొట్టె అయితే గంటసేపు పంపు ఆగినా భయం లేదు. సూక్ష్మజీవులు నిండిన యీ నీటిలో ఒక్క గంట చాలు. కొవ్వొత్తి వెలుగులో చూస్తూండగానే సీత పైకి వచ్చేసింది. ఈసారి మళ్ళీ కిందికి దిగలేదు.

చెల్లెలు చెంబు తెచ్చింది. తొట్టెలో ముంచి, మూరెడు యెత్తునుంచి మళ్ళీ తొట్టెలోకే సన్నటి ధారగా పొయ్యాలి. నీరు గాలిలోంచి పడుతూ గాలిని వెంట తీసుకుపోతుంది. టీ కొట్టువాడు టీ తిరగబోసినట్టే. చెల్లెలు చెయ్యి నొప్పి పుడితే బావగారు, ఆయన ఆగితే నేను. అత్తయ్యగారు మంచం మీద కూర్చుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టేరు. ఒక నామం, ఒక చెంబు. "మధ్యలో ఆపకండిరా," అని నామాల మధ్య హెచ్చరిక.

ధార పోస్తూ వుంటే నాకు లండనులో వుండే అన్నా థైన్ అనే ఆవిడ జ్ఞాపకం వచ్చింది. ఇళ్ళలో సముద్రం పెట్టుకునే సరదాకి మొదటివాళ్ళలో ఆవిడ ఒకరు. 1846లో టార్కీ తీరాన్నుంచి సజీవమైన చిన్న పగడజీవుల్ని కూజాలో పెట్టుకుని లండను తీసుకువెళ్ళింది. అప్పటికి పంపులు లేవు, కరెంటు లేదు. నీళ్ళు పాడవకుండా వుండడానికి, ఇంట్లో పనిపిల్ల రోజూ అరగంట, ముప్పావుగంట, తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీటిని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోస్తూ వుండేదట. పుస్తకాల్లో అమ్మగారి పేరు మిగిలింది. పిల్ల పేరు నేనెక్కడా చూడలేదు. చెయ్యి నొప్పి పుట్టినది మాత్రం ఆ పిల్లకే.

పదిమ్ముప్పావుకి కరెంటు వచ్చింది. సహస్రనామం ఇంకా పూర్తికాలేదు, ఆవిడ ఆపలేదు. సీత ఫలశ్రుతి వేళకి రాయి పక్కకి దిగింది.

ఆదివారం పొద్దున్న మళ్ళీ ఉప్పు కొన్నారు. శుద్ధిచేసిన మంచినీరు బకెట్టులో పోసి, ఉప్పు కొలిచి కలిపి, గాలిగొట్టం వేసి, సాయంత్రందాకా తిరగనిచ్చాం. ఉప్పుని తిన్నగా తొట్టెలో పొయ్యకూడదు. కరగని పలుకు తగిలితే చేప ఒళ్ళు కాలుతుంది. ముల్లు తొట్టెలో 1.021 చూపిస్తోంది. ఒక్కసారిగా 1.025కి యెక్కించకుండా, పూటకి పదిహేను లీటర్లు తీసి పదిహేను పోశాం. దుకాణంవాడు మంచివాడు, తన తొట్టెలో యేడాదిగా నానుతున్న స్పాంజి ముక్క ఒకటి తడిగుడ్డలో చుట్టి ఇచ్చేడు. చూడడానికి అసహ్యంగా, గోధుమరంగు బంకగా వుంది. బావగారు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, కడగాలనే కోరిక అణుచుకుంటూ, ఫిల్టరులో పెట్టేరు. ఇక ముందు స్పాంజి నెలకొకసారి, అదీ తొట్టెలోంచి తీసిన పాతనీళ్ళలో మెల్లగా జాడించడమేగాని, కుళాయి దగ్గరికి తీసుకుపోకూడదని ఒప్పందం. రోజూ ఆవిరయ్యే నీటికి బదులు మంచినీళ్ళే పొయ్యాలి. ఉప్పు ఆవిరి కాదు గదా.

సోమవారం నేను బయల్దేరే వేళకి మజ్జిగతేట గంజితేట అయింది. తొట్టె వెనక అంటించిన నల్లకాగితం పదిహేను రోజుల తరవాత మొదటిసారి కనిపించిందని అత్తయ్యగారు చెప్పేరు. రాముడు ఆ నలుపు ముందు నిలబడితే తెల్లపట్టీలు లెక్కపెట్టవచ్చు.

పన్నెండో రోజున మేనల్లుడు ఫోనులో గొట్టం ఫొటో పంపేడు. పసుపుపచ్చ. నైట్రైటు ఇంకా కాస్త వుంది. అది దిగడానికి మరో వారం పట్టింది. కొత్త కృష్ణుణ్ణి తెమ్మని అత్తయ్యగారు ఒకటే పోరు. సంక్రాంతి వెళ్ళేదాకా వీల్లేదని వాడు ఖండితంగా చెప్పేశాడట.

బావగారు మాత్రం సముద్రపు నీటి ఆశ వదులుకోలేదు. జాలారిపేట పెద్దాయనతో మాట్లాడి వచ్చేరు. ఫాల్గుణంలో ప్రవాహం ఉత్తరానికి తిరిగి నీరు ఉప్పెక్కేక, వేటకి లోపలికి పోయినప్పుడు ఆయన నాలుగు కేన్లు నింపి తెచ్చి యిస్తాడట. ఆ నీళ్ళు రెండు వారాలు చీకట్లో మూతపెట్టి, గాలిగొట్టం వేసి వుంచి, అడుగున దిగింది దిగనిచ్చి, ముల్లు చూసుకుని గాని తొట్టెలో పొయ్యవద్దని చెప్పేను. అత్తయ్యగారిప్పుడు కొడుకు ఇంటికి రాగానే సముద్రం యెలా వుందని అడగడం మానేశారుట. "ఉప్పెక్కిందిరా?" అని అడుగుతున్నారుట.